జైసల్మేర్‌కు ముందు సిరోంచ ఇసుక

వచ్చే చలికాలం జైసల్మేర్ దాటి ఎడారిలోకి వెళ్లాలని మా అనుకోలు. ఏ బండి తీసుకెళ్లాలన్న దాని మీద సంక్రాంతి నుంచీ ఇంట్లో వాదన నడుస్తోంది. సైన్యంలో డ్రైవరుగా చేసి రిటైరైన మామ మారుతి జిప్సీ తప్ప ఇంకోటి వద్దంటాడు. మహారాష్ట్ర కొసన, ప్రాణహిత ఒడ్డునున్న సిరోంచలో ఉండే బావకు ఫోర్స్ గూర్ఖా మీద నమ్మకం. మంచిర్యాల నుంచి వచ్చే చిన్నమ్మ కొడుకు, మా తమ్ముడు, మహీంద్రా థార్ కొని రెండేళ్లయింది. ఎడారి పేరే పెట్టుకున్న బండిని ఇంటి దగ్గర వదిలి రానంటాడు. ముగ్గురూ అంకెలు చెప్పుకుంటుంటే విని విని మామే ఓ మాటన్నాడు: "ఇసుక మన గడపలనే ఉండె గద రా. నడిపి సూసినంక మాట్లాడుకుందాం."

ఏప్రిల్‌లో ప్రాణహిత సన్నబడుతుంది. సిరోంచ దగ్గర ఏటి గర్భం చాలా మేర ఇసుకే. రాజస్థాన్ ఇసుక వేరు, ఇది వేరు. ఆ తేడా ఏమిటో కూడా తెలుసుకోవాలనే మూడు బండ్లూ తీశాం. నేను మూడూ మార్చి మార్చి నడిపాను. రాస్తున్నది ఆ చేతులతో తెలిసిందే.

శుక్రవారం, అహేరి నుంచి సిరోంచ

పొద్దున్నే ఆలాపల్లి మీదుగా దక్షిణానికి తిరిగాం. టేకు ఆకు రాల్చి అడవి బోసిగా ఉంది. ఇప్ప చెట్ల కింద ఆడవాళ్లు, పిల్లలు బుట్టలతో పువ్వు ఏరుకుంటున్నారు. సిరోంచ దాకా వంద కిలోమీటర్ల దారి. కొన్నిచోట్ల కొత్త తారు, కొన్నిచోట్ల కంకర, మధ్యమధ్య కల్వర్టు పనుల కోసం పక్కకు తిప్పిన మట్టి తొవ్వ. బండ్లను పోల్చడానికి ఇంతకంటే మంచి రోడ్డు దొరకదు.

జిప్సీ నాలుగు చక్రాలకూ కమాను పట్టీలే. ఖాళీ బండి గుంతలో పడితే నడుము దాకా తెలుస్తుంది. సాఫ్ట్ టాప్, అంటే గుడ్డ కప్పు, కాబట్టి దుమ్ము నేరుగా ముక్కులోకే. ఎనభై దాటించాలంటే చేతికి భయం. ఈ బండి మన దేశంలో 1985 డిసెంబరులో వచ్చింది. అప్పుడు 970 సీసీ, 45 గుర్రాల (హార్స్‌పవర్) ఇంజను. తరవాత 1.3 లీటర్లకు పెరిగి, 2000 తరవాత కార్బురేటర్ బదులు ఎంపీఎఫ్ఐ అనే పెట్రోలు ఇంజెక్షన్‌తో 80 గుర్రాలకు చేరింది. మామది ఆ చివరి రకం, సైన్యం వేలంలో కొన్నది. బరువు వెయ్యి కిలోల లోపే. ఆ ఒక్క అంకె గుర్తు పెట్టుకోమని చదివేవాళ్లను కోరుతున్నాను, తరవాత దానితో పని ఉంది.

తమ్ముడి థార్ 2020లో వచ్చిన రెండో తరం, డీజిలు. 2.2 లీటర్లు, 130 గుర్రాలు, 300 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాన్ని తిప్పే బలం). రోడ్డు మీద దీనికి సాటి మిగతా రెండిట్లో ఏదీ లేదు. ఏసీలో కూర్చుని, మాట్లాడుకుంటూ, కునుకు తీస్తూ వెళ్లొచ్చు. బావ గూర్ఖా 2021 మోడల్, మూడు తలుపులది. 90 గుర్రాలే, కానీ ఇంజను ఓఎం 616 అనే పాత మెర్సిడెస్ డీజిలు ఇంజను వంశం. కింది వేగంలో బలం ఎక్కువ, తొందర లేదు. ముందు, వెనక రెండు ఇరుసులకూ డిఫరెన్షియల్ లాక్ (ఒక చక్రం జారినా రెండూ కలిసి తిరిగేలా పట్టే ఏర్పాటు), ఫ్యాక్టరీ నుంచే స్నార్కెల్ (ఇంజనుకు పైనుంచి గాలి అందించే గొట్టం). బరువు రెండు టన్నుల అటూ ఇటూ.

జిమలగట్టలో చాయ్ తాగాం. సిరోంచ చేరగానే ఠాణాకు వెళ్లి ఎక్కడెక్కడ తిరుగుతామో, బండ్ల నంబర్లతో సహా రాయించాం. సరిహద్దు ఊళ్లలో ఇది చేయకుండా ఏటి గట్టున, అడవిలో తిరగడం సరికాదు. మనల్ని చూసి వాళ్లు కంగారు పడకూడదు, వాళ్లను చూసి మనం కంగారు పడకూడదు.

రాత్రి అక్క జొన్న రొట్టెలు, చేపల పులుసు పెట్టింది. తిన్నాక మామ జోంగా కథలు మొదలుపెట్టాడు. నిస్సాన్ పెట్రోల్ నమూనా మీద జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో తయారైన బండి అది. 1969 నుంచి 1999 దాకా చేశారు. నాలుగు లీటర్ల పెట్రోలు ఇంజను, ఆరు సిలిండర్లు. "బలం అంటే జోంగాదే అల్లుడా. కని పెట్రోలు తాగుడు సూస్తే కడుపు తరుక్కుపోవు. పది డబ్బాల పెట్రోలు ఏసుకుంటే, ఆ డబ్బాల బరువుకు ఇంకో డబ్బ గావాలె." ఎడారి ప్రయాణం లెక్కంతా ఆ మాటలోనే ఉందనిపించింది. బలం కోసం ఇంధనం, ఇంధనం కోసం బరువు, బరువు మోయడానికి మళ్లీ బలం.

1940లో ఈజిప్టులో బ్రిటిష్ సైన్యం లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ అని ఒక దళం పెట్టింది. దాన్ని కట్టింది రాల్ఫ్ బాగ్నోల్డ్ అనే ఇంజనీరు అధికారి. అంతకు ముందు ఇరవైల్లోనే ఫోర్డ్ మోడల్ టీ కార్లతో లిబియా ఎడారి తిరిగినవాడు. ఆ దళం లిబియా ఇసుకలో వందల మైళ్లు తిరిగింది, ఎక్కువగా షెవర్లే ట్రక్కుల్లో. వాటిలో చాలావాటికి వెనక చక్రాలకే బలం. ఫోర్ వీల్ డ్రైవ్ లేకుండానే తిరిగారు. తేలిక, ఇంధనం తక్కువ తాగుతాయి, అందుకే వాటిని తీసుకున్నారు. టైర్లలో గాలి దించడం, దిగబడితే చక్రం కింద ఉక్కు పట్టీలు వేయడం, మరిగిన రేడియేటర్ నీటి ఆవిరిని డబ్బాలో పట్టి మళ్లీ నీరుగా వాడుకోవడం, ఇవన్నీ బాగ్నోల్డ్, అతని మిత్రులు పనిలో పెట్టి చూపినవే. ఇది నేను చెబితే మామ ఆశ్చర్యపోలేదు. ఆ పేరు ఆయన ఎప్పుడూ వినలేదు. పోకరణ్‌లో ఉస్తాదు ఆయనకు నేర్పిందీ అదే.

1987లో ఆఫ్రికాలోని చాద్ దేశపు సైనికులు టొయోటా పికప్‌లలో తిరిగి లిబియా ట్యాంకులను ఓడించారు. 1971 డిసెంబరులో జైసల్మేర్ జిల్లా లోంగేవాలా దగ్గర పాకిస్తాన్ ట్యాంకులు మెత్తటి ఇసుకలో దిగబడిపోయాయి. మన జవాన్ల దగ్గర జీపు మీద బిగించిన 106 మిల్లీమీటర్ల రికాయిల్‌లెస్ గన్ను ఉంది. తెల్లారాక హంటర్ విమానాలు వచ్చి మిగతా పని పూర్తి చేశాయి. బరువైనదే ఎడారిని గెలుస్తుందన్న నమ్మకం నాకు ఈ సంగతులు చదివినప్పుడే పోయింది.

"మరి మన సైన్యం ఇప్పుడు జిప్సీ ఎందుకు వదిలేస్తోంది మామా?" అని తమ్ముడు అడిగాడు. మంచి ప్రశ్న. 800 కిలోలు మోసే, గట్టి పైకప్పు, ఏసీ ఉన్న బండి కావాలని సైన్యం అడిగింది. 2017లో 3,192 సఫారీ స్టార్మ్‌లకు ఆర్డరు ఇచ్చింది. 2023లో 1,850 స్కార్పియో క్లాసిక్‌లకు ఇచ్చింది. సైన్యం అవసరం వేరు. మనుషులు, ఆయుధాలు, రేడియో సెట్లు, ఏడాదంతా అన్ని నేలలూ. మనకు కావలసింది నలుగురు మనుషులు, నీళ్లు, గుడారం, వారం రోజుల ఇసుక.

శనివారం, ప్రాణహిత

ఆరు గంటలకల్లా రేవుకు దిగాం. ట్రాక్టర్లు నడిచే తొవ్వ పట్టుకునే లోపలికి వెళ్లాం. ఎండాకాలం ఇసుక తిప్పల మీద ఏటి పిట్టలు గుడ్లు పెడతాయి. గూడు అంటూ కట్టవు, ఇసుకలో చిన్న గుంట చేసి అందులోనే పెడతాయి. గుడ్డు రంగు ఇసుకలో కలిసిపోయి రెండడుగుల దూరంలో ఉన్నా కనబడదు. కాబట్టి తిప్పల పైకి బండి ఎక్కించేది లేదని ముందే అనుకున్నాం. మేం తిరిగిన జాగా, పుచ్చ పాదులకూ నీటి పాయకూ మధ్య ట్రాక్టర్లు తొక్కి తొక్కి విడిచిన మేర.

థార్ ముందు వెళ్లింది. తమ్ముడు టైర్లలో గాలి దించకుండా 32 పౌండ్లే ఉంచాడు. "ఫోర్ వీల్ ఉంది, వెనక లాక్ ఉంది, సూద్దాం" అన్నాడు. నలభై గజాలు బాగానే సాగింది. మెత్తటి చోట ముందు చక్రాలు దిగగానే యాక్సిలరేటర్ తొక్కాడు. ఇసుకలో అది చేయకూడదు. తిరిగే చక్రం తన గొయ్యి తనే తవ్వుకుంటుంది. అర నిమిషంలో బండి కడుపు ఇసుకకు ఆనింది. బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు, ఈఎస్‌పీని కూడా తమ్ముడు ఆపలేదు, అందుకే చక్రం జారినప్పుడల్లా ఇంజను బలాన్ని అదే కోసేసింది. కడుపు ఆనాక లాకులు ఎన్ని ఉన్నా ఒకటే, బరువు చక్రాల మీద ఉండదు.

ఇక్కడ లెక్క చెప్పాలి. టైరులో గాలి ఎంత పీడనంతో ఉంటే, చక్రం నేలను దాదాపు అంతే పీడనంతో నొక్కుతుంది. 32 పౌండ్లు ఉంటే చదరపు అంగుళానికి 32 పౌండ్లు, 16కి దించితే సగం. గాలి దించగానే టైరు చదునై నేలను ఆనే మేర రెట్టింపవుతుంది, ఆ పెరగడం ఎక్కువగా పొడవులోనే. ఇసుకలో బండిని తేల్చేది ఆ పొడవే. బరువైన బండికి కూడా గాలి దించి అదే పీడనం తేవచ్చు. కానీ దాని టైరు పక్కలు చాలా ఎక్కువ నలుగుతాయి, పెద్ద టైరు కావాలి, ఇసుకను తోసుకుపోవడానికి ఇంజను ఎక్కువ కష్టపడాలి. జిప్సీ 14 పౌండ్ల మీద హాయిగా నడిచిన చోట థార్ 16 మీద నడిచింది, కానీ ఇంజను గోల వేరు. గుర్రాల సంఖ్య అక్కడ అక్కరకు రాలేదు.

పార తీసి ముందు కడుపు కింద, తరవాత చక్రాల ముందు ఇసుక తోడాం. సాయంగా వచ్చిన పుచ్చ తోట తాత వెదురు తడకలు రెండు ఇచ్చాడు. చక్రాల ముందు పరిచి, గాలి 16కి దించి, ఈఎస్‌పీ ఆపి, లో రేంజ్ (వేగం తగ్గించి బలం పెంచే గేర్ల వరస) రెండో గేరులో మెల్లగా వదిలితే థార్ దానంతట అదే లేచి వచ్చింది. తోయాల్సిన పని పడలేదు. బాగ్నోల్డ్ ఉక్కు పట్టీలు చేసిన పనే మా వెదురు తడకలూ చేశాయి. ఎడారికీ ఇవే తీసుకెళ్తాం. తేలిక, చవక, విరిగితే పొయ్యిలోకి పనికొస్తాయి.

తాతకు మా ఆట వింతగా ఉన్నట్టుంది, అయినా ఓపికగా చెప్పాడు: "బిడ్డా, గటు పాయ దగ్గరికి పోనియ్యకుండ్రి. పైన పొడి ఉంటది, కింద నీళ్లుంటయి. ఎడ్లే కూరుకపోతయి." ఏటి ఇసుకకూ ఎడారి ఇసుకకూ ఉన్న పెద్ద తేడా ఇదే. ఇక్కడ గింజ ముతక, కింద చెమ్మ. నీటి అంచున నేల ఒక్కసారిగా కరిగినట్టు దిగిపోతుంది. ఎడారి దిబ్బలో గింజ సన్నం, గుండ్రన, అడుగున తడి దొరకదు. దిబ్బకు గాలి వీచే వైపు గట్టిగా అణిగి ఉంటుంది, అటుగా ఎక్కొచ్చు. గాలి తగలని, ఇసుక జారే రెండో వైపు వాలు 34 డిగ్రీల దాకా ఉండి మెత్తగా ఉంటుంది. దాని మీద అడ్డంగా పోతే బండి పొర్లుతుంది. దిగితే నేరుగా దిగాలి, బ్రేకు తొక్కకూడదు. మామ ఇది చెబుతూ చేత్తో ఇసుకను కుప్ప చేసి, పక్క జారేదాకా పోసి చూపించాడు.

తరవాత జిప్సీ తీసుకున్నాను. ఈ భాగం రాయడానికి నాకు మాటలు చాలడం లేదు. హై రేంజ్ (మామూలు గేర్ల వరస) మూడో గేరులో, ఇంజను పై వేగంలో తిప్పుతూ వదిలితే ఇసుక మీద తేలుతూ పోయింది. దానికి డిఫరెన్షియల్ లాకులు లేవు, ఎలక్ట్రానిక్స్ లేవు. స్టీరింగ్ చేతికి వదులుగా తగులుతూ, ముందు చక్రాలు ఎటు వెళ్తున్నాయో ప్రతి క్షణం చెప్పింది. పెట్రోలు ఇంజను తేలిక కాబట్టి ముక్కు ఇసుకలో దిగదు. థార్ దిగబడిన చోటే ఆపి మళ్లీ కదిలించమన్నాడు మామ. కదిలింది. "ఆపాలంటే బ్రేకు తొక్కకు, కాలు తీసెయ్యి, ఇసుకే ఆపుతది" అన్నాడు. బ్రేకు తొక్కితే చక్రాల ముందు ఇసుక గట్టులా పేరుకుంటుంది, మళ్లీ కదలడం కష్టం.

గూర్ఖా గురించి మామ, తమ్ముడు ఇద్దరూ తక్కువ అంచనా వేశారు. ఇసుకలో అది జోరుగా పోదు, ట్రాక్టరులా పోతుంది. మెత్తటి చోట వేగం కోల్పోతే 90 గుర్రాలతో దాన్ని తిరిగి తెచ్చుకోవడం కష్టమే. కానీ ఏటి ఒడ్డు ఎక్కే దగ్గర, ఒక చక్రం గాలిలో, ఒకటి మట్టిలో ఉన్నప్పుడు, రెండు లాకులూ వేసి బావ నడకంత వేగంతో ఎక్కించాడు. థార్ అక్కడ రెండుసార్లు జారి, వెనక లాక్ పట్టాక ఎక్కింది. జిప్సీని ఊపుతో ఎక్కించాల్సి వచ్చింది.

ఆ ఉత్సాహంలో బావ గాలి ఇంకా దించి 11కు తెచ్చాడు. వేగంగా మలుపు తిప్పగానే ముందు టైరు రిమ్ము నుంచి ఊడింది. ఏ బండికైనా ఇంతే. 14, 15కు కిందికి దించితే మలుపులు మెల్లగా తిప్పాలి. జాకీ కింద చెక్క పెట్టి ఎత్తి, టైరు అంచు రిమ్ముకు సర్ది, కంప్రెసర్‌తో గాలి పట్టేసరికి ఎండ ముదిరింది.

మధ్యాహ్నం రెండింటికి మళ్లీ అదే తొవ్వలో నడిపాం, కావాలనే. పొద్దున చల్లదనానికి, మంచుకు అణిగి ఉన్న ఇసుక ఎండకు పొడిబారి వదులైంది. పొద్దున మూడో గేరులో పోయిన జిప్సీకి రెండో గేరు కావలసి వచ్చింది. ఎడారిలో ప్రయాణం తెల్లవారుజామున మొదలుపెట్టి పదింటికల్లా ఆపాలని మామ ఎందుకు పట్టుబడతాడో అప్పుడు అర్థమైంది. వెనక నుంచి వేడి గాలి వీచినప్పుడు రేడియేటర్‌కు గాలి తగలక, ఇంజను వేడి చూపే ముల్లు పైకి పోతుంది. అలా అయితే బండి ముక్కు గాలికి ఎదురు తిప్పి, ఇంజను ఆపకుండా నిలబెట్టాలి.

చివరగా ఇంకో పని నేర్చుకున్నాం. ఎడారిలో తాడు కట్టడానికి చెట్టు ఉండదు. స్పేర్ చక్రాన్ని నడుము లోతు గొయ్యిలో నిలబెట్టి పూడ్చి, దానికి తాడు కట్టి లాగాలి. గొయ్యి తవ్వడానికే ముగ్గురికి చెమటలు పట్టాయి. కానీ థార్ బరువుకు అది కదలలేదు.

ఆదివారం, అసరల్లి దాటి సోమ్‌నూరు

ఇంద్రావతి వచ్చి గోదావరిలో కలిసే చోటు సోమ్‌నూరు. అసరల్లి దాటాక తారు వదిలితే రాళ్లు, వాగులు, వెదురు. ఈ రోజు గూర్ఖాది. నాలుగు చక్రాలకూ కాయిల్ స్ప్రింగులు, కింది గేరులో తొక్కకుండానే రాళ్ల మీద పాకే ఇంజను, లోపల కూర్చున్నవాళ్ల తలలు కిటికీలకు కొట్టుకోవు. జిప్సీలో వెనక కూర్చున్న తమ్ముడు సగం దారిలో దిగి నడిచాడు. థార్ రెండిటికీ మధ్యలో నిలిచింది. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా ముందుకు రాలేదు.

జైసల్మేర్ అంటే అందరికీ సామ్ దిబ్బలే గుర్తుకొస్తాయి. నిజానికి అక్కడ కూడా రాతి నేల, కంకర మైదానాలే ఎక్కువ. కాబట్టి ఈ రోజును లెక్కలోంచి తీసేయలేం.

తిరుగు దారిలో కోటా ఊరి సంగతి వచ్చింది. ప్రాణహిత ఒడ్డున ఉన్న ఈ చిన్న ఊరి పేరునే భూగర్భ శాస్త్రజ్ఞులు ఒక జురాసిక్ రాతి పొరకు పెట్టారు. బారాపాసారస్ అనే పెద్ద డైనోసార్ ఎముకలు ఆ పొరలోనే దొరికాయి. ఆ అస్థిపంజరం కోల్‌కతాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబడి ఉంది. మా తాలూకా పిల్లలు దాన్ని చూడాలంటే కోల్‌కతా పోవాలి, ఇది నాకు బాధే.

సోమవారం, మళ్లీ అహేరికి

బయలుదేరే ముందు మూడు బండ్ల ఎయిర్ ఫిల్టర్లు విప్పి దులిపాం. రెండు రోజులకే గుప్పెడు దుమ్ము. ఎడారికి ఒక్కో బండికి రెండేసి ఫిల్టర్లు తీసుకెళ్లాలని రాసుకున్నాం. టైర్లకు మళ్లీ రోడ్డు గాలి పట్టాం. తక్కువ గాలితో తారు మీద వేగంగా పోతే టైరు వేడెక్కి పగులుతుంది.

నా తీర్పు ఇది. దిబ్బల్లోకి దిగడానికి జిప్సీ. నలభై లీటర్ల ట్యాంకు చిన్నదే, సామాను జాగా లేదు, అయినా అదే. నీళ్లు, పెట్రోలు డబ్బాలు, గుడారాలు మోస్తూ కంకర నేల మీద వెనకే రావడానికి గూర్ఖా. ఒకటి దిగబడితే ఇంకోటి లాగాలి. ఒంటరి బండితో ఎడారిలోకి వెళ్లడం తెలివైన పని కాదని మామ ముప్పై ఏళ్ల అనుభవంతో చెప్పాడు. అహేరి నుంచి జైసల్మేర్ పదిహేను వందల కిలోమీటర్ల పైమాటే, అంత దూరం జిప్సీ సీట్లో నలుగురం కూర్చోలేం. మనుషులంతా థార్‌లో పోతారు. జిప్సీని మామ ఒక్కడే నడుపుకుంటూ వస్తానన్నాడు. నేను పక్కన కూర్చుంటానన్నాను. తమ్ముడు ముందు మొహం చిన్నబుచ్చుకున్నా, దిబ్బల్లో జిప్సీ స్టీరింగ్ తనకు ఇస్తామంటే ఒప్పుకున్నాడు.

ఇంకో మాట మీద నలుగురం ఒక్కటయ్యాం. సామ్, సుదాసరి వైపు నేషనల్ పార్కు ఉంది, దేశంలో మిగిలిన కొద్దిపాటి బట్టమేక పిట్టల్లో ఎక్కువ భాగం ఉన్నది ఆ జిల్లాలోనే. మన రోళ్లపాడులో అవి ఎలా తగ్గిపోయాయో తెలిసినవాళ్లం. గడ్డి నేలలో దారి తప్పి బండి తొక్కించేది లేదు. సరిహద్దు వైపు వెళ్లడానికి కలెక్టరేటు అనుమతి, బీఎస్‌ఎఫ్ వాళ్ల మాట, రెండూ ముందే తీసుకోవాలి. ఆ కాగితాల పని నాది.

డిసెంబరు మొదటి వారంలో లోంగేవాలాలో ఉండాలన్నది మామ కోరిక, యుద్ధం జరిగిన తేదీలకు. బావ సెలవు చీటీ ఇప్పుడే రాసి పెట్టాడు. జిప్సీ రేడియేటర్ విప్పి ఆలాపల్లి మెకానిక్‌కు ఇచ్చాం, వానలు పడేలోపు తిరిగి బిగించాలి.